యాభై దాటాక ఏది మేలు: కుమితేనా, కటానా, జూడోనా, కర్రసామా?

నాకు 54. తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఇరవైల్లో ఐదేళ్లు షోటోకాన్ అనే శైలి కరాటే చేసి, బ్రౌన్ బెల్ట్ దగ్గర ఉద్యోగం, ఆ వెంటనే పెళ్లి రావడంతో ఆపేశాను. 47లో మళ్లీ మొదలుపెట్టాను. ఈమధ్య స్టాఫ్ రూమ్‌లో మా ఫిజిక్స్ లెక్చరర్ కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగాడు.

"అన్నా, నాకూ యాభై రెండు నిండినాయి. షుగర్ ఉంది. డాక్టరేమో కదలమంటాడు. కరాటేలో చేరమంటావా, జూడోలోనా? చేరితే ఏదో ఒక పోటీకి కూడా పోవాలప్పా. పిల్లోళ్ల ముందర ఒక మెడల్ అయినా చూపించద్దా?"

ఆ చివరి మాటతోనే చిక్కు వచ్చింది. సాధనకి ఏది మేలు అని అడిగితే నేను ఒకటి చెబుతాను, పోటీకి ఏది మేలు అంటే ఇంకోటి చెబుతాను. రెండూ ఒకే ప్రశ్న అని నేను కూడా 49 ఏళ్లు వచ్చేదాకా అనుకున్నాను. కాదని నా ఎడమ పిక్క నేర్పింది.

ముందు కుమితే సంగతి. కరాటేలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తలపడేది ఇదే. పంచ్ సరిగ్గా పడితే ఒక పాయింటు, ఒంటి మీద కిక్‌కి రెండు, తల మీద కిక్‌కి మూడు. పెద్దల బౌట్ మూడు నిమిషాలు. మూడు నిమిషాలేగా అనిపిస్తుంది. కానీ ఆ సేపంతా మునివేళ్ల మీద ఎగురుతూ, ఉన్నట్టుండి ముందుకు దూకుతూ, అంతలోనే వెనక్కి జరుగుతూ ఉండాలి. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది లెక్కే కాదు. మన వయసులో తగిలే దెబ్బ కన్నా ఆ ఎగురుడే ఎక్కువ ప్రమాదం. పిక్క కండరం, దాన్ని మడమకి కట్టి ఉంచే పెద్ద టెండన్ ఆ కుదుపుని తట్టుకోలేవు. ఇంకోటి, దెబ్బ వస్తున్నట్టు కంటికి బాగానే కనబడుతుంది. ఆపాల్సిన చెయ్యే కాస్త ఆలస్యంగా బయల్దేరుతుంది.

49లో ఒక ఓపెన్ టోర్నమెంట్‌కి పోయాను. ఏ ఊరో, ఎవరు పెట్టారో వద్దులెండి. పోస్టర్ మీద 45 దాటిన వాళ్లకి వేరే విభాగం అని ఉంది. తీరా పోతే ఆ విభాగానికి వచ్చింది ఇద్దరం. ఆ రెండో ఆయనకి బీపీ చూసి డాక్టర్ వద్దనేశాడు. నన్ను తీసుకుపోయి 35 దాటిన వాళ్లలో కలిపేశారు. ఎదురుగా 36 ఏళ్ల మనిషి. మర్యాదస్తుడు, "మెల్లగా చేద్దాం సార్" అన్నాడు కూడా. నిమిషం కూడా కాకముందే వెనక్కి జరగబోయాను, పిక్క మీద ఎవరో రాయి విసిరినట్టు టప్పుమంది. నిజంగానే ఎవరైనా కొట్టారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. కండరం చిరిగింది. ఆరు వారాలు కుంటుకుంటూ బోర్డు మీద ఇంటిగ్రేషన్ చెప్పాను.

అందుకని కుమితే పూర్తిగా వదిలేయమనను. క్లాసులో, తెలిసిన మనిషితో, ఎక్కడ కొట్టబోతున్నాడో ముందే చెప్పి ఒక్క దెబ్బ వేసే పద్ధతి ఉంది. ఇప్పోన్ కుమితే అంటారు. దూరం అంచనా, సమయం చూసుకోవడం, భయం పోవడం అన్నీ దాంట్లోనే వస్తాయి. వారానికి ఒకసారి అది చాలు. పోటీ కుమితే మాత్రం, విభాగంలో ఎంతమంది పేర్లు ఇచ్చారో ముందే ఫోన్ చేసి కనుక్కోకుండా ఎవరూ పోవద్దు. ఫీజు కట్టాక మీ మాట వినేవాళ్లు ఉండరు.

ఇక కటా. ఎదుట మనిషి లేకుండా, ఒక వరసలో కూర్చిన దెబ్బలూ అడ్డులూ అడుగులూ. షోటోకాన్‌లో ఇవి 26 ఉన్నాయి. కుర్రాళ్లు దీన్ని గ్రేడింగ్ కోసం, అంటే బెల్టు పరీక్ష కోసం భరిస్తారు. నేనూ ఒకప్పుడు అంతే. కానీ దీనికి వయసు అంత అడ్డం కాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల కటా బంగారం గెలిచిన స్పెయిన్ అమ్మాయి సాండ్రా సాంచెజ్‌కి అప్పటికి 39 ఏళ్లు. తైక్వాండోలో దీనికి చెల్లెలు లాంటిది పూమ్సే. దాని ప్రపంచ పోటీలు 2006లో సియోల్‌లో మొదలయ్యాయి, 65 దాటిన వాళ్లకి కూడా అక్కడ వేరే విభాగం ఉంది. మన వయసుని మనసులో పెట్టుకుని పెట్టిన పోటీ అంటే అదీ.

కటాకి పోటీకి పోయేవాళ్లు ఏ కటా ఎంచుకుంటారన్నది చాలా ముఖ్యం. ఉన్సు చూడముచ్చటగా ఉంటుంది, కానీ అందులో గాల్లో గిర్రున తిరిగి కింద పడే గెంతు ఒకటి ఉంది. ఎన్‌పీలోనూ గెంతు ఉంది. 50 దాటిన మోకాలికి అవి వద్దు. సోచిన్, హాంగెట్సు, బస్సాయ్ దాయ్ లాంటివి నేల మీద పాతుకుని చేసేవి, బరువు ఉన్న మనిషికి ఇంకా అందంగా ఉంటాయి. హాంగెట్సులో ఒక జాగ్రత్త: ఒళ్లు బిగబట్టి మెల్లగా కదిలే చోట చాలామంది ఊపిరి కూడా బిగబడతారు. బీపీ ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. గాలి వదులుతూ బిగించాలి.

కటా వల్ల మోకాళ్లు పోతాయని ఒక పేరుంది. నా అనుభవంలో దాంట్లో సగం తప్పు నేలది. మన ఊళ్లో చాలా క్లాసులు అపార్ట్‌మెంట్ మిద్దె మీదో, సిమెంటు గచ్చు మీదో జరుగుతాయి. గరుకు గచ్చు మీద వట్టి పాదంతో తిరిగితే పాదం అతుక్కుపోతుంది, మెలిక మోకాలికి పోతుంది. వీలైతే మట్టి నేల, లేదంటే మాట్. రెండో తప్పు స్టాన్స్‌ది, అంటే కాళ్లు పరిచి నిలబడే తీరుది. ఫొటోలో కనబడేంత కిందికి దిగాలని మాస్టర్ అనడు, మన అహమే అంటుంది. నా మోకాళ్లకి నేను పెట్టుకున్న పరీక్ష అలిపిరి దారి. 3550 మెట్లు ఎక్కేటప్పుడు ఊపిరి సంగతి తేలుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర, పేరుకి తగ్గట్టే, మోకాళ్ల సంగతి తేలుతుంది. దిగేటప్పుడు మాత్రం బస్సే. దిగడం ఎక్కడం కన్నా మోకాళ్లకి ఎక్కువ బరువు.

కటాతో నాకున్న పేచీ తీర్పుతో. కుమితేలో ఓడితే ఎందుకు ఓడానో నాకే తెలుస్తుంది. కటాలో జడ్జిల ముఖాలు చూస్తూ నిలబడాలి. పోయినేడాది ఒక పోటీలో మూడో స్థానం వచ్చింది. నలుగురిలో.

ఎదుటి మనిషిని పట్టుకుని నేల మీదికి విసిరే జూడో దగ్గరికొచ్చేసరికి నా మాటే నాకు ఎదురు తిరుగుతుంది. 1882లో జిగోరో కానో దీన్ని మొదలుపెట్టినప్పుడు ముందు నేర్పింది పడటమే, ఇప్పటికీ అదే ముందు. ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించడం, చెయ్యి కింద ఊనకుండా ఉండటం, భుజం మీదుగా దొర్లడం. పెద్దవయసులో తుంటి, మణికట్టు విరిగేది కొట్లాటల్లో కాదు, బాత్రూముల్లో. 50లో నాలుగు నెలలు మాట్ మీద పడటమే నేర్చుకున్నాను. ఒక పొద్దున మా ఆవిడ వాకిలి కడిగి ముగ్గు గిన్నె కోసం లోపలికి పోయింది, నేను పాల ప్యాకెట్లతో బయటికి అడుగు పెట్టాను. కాళ్లు రెండూ లేచిపోయాయి. దొర్లి కూర్చున్నాను, గీత కూడా పడలేదు. పాల ప్యాకెట్ ఒకటి పగిలింది. మా ఆవిడ వచ్చి చూసి, "పర్లేదే, మళ్లీ ఒకసారి చేసి చూపించండి" అంది. నేను నేర్చుకున్న విద్యలన్నిట్లో నిజంగా అక్కరకొచ్చింది ఆ నాలుగు నెలలదే.

అదే జూడోలో పోటీ అంటే నేను రెండు చేతులూ జోడిస్తాను. వెటరన్స్ విభాగాలు 30 నుంచి ఐదేసి ఏళ్లకి ఒకటి చొప్పున పద్ధతిగా ఉన్నాయి, బరువు విభాగాలు వేరే. కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన పోటీ లేదు. కానీ క్లాసులో నన్ను విసిరేవాడు నా చెయ్యి పట్టుకుని మెల్లగా దించుతాడు. పోటీలో విసిరేవాడు నాతోపాటు తానూ నా మీద పడతాడు. డెబ్భై కిలోల నేను, డెబ్భై కిలోల ఆయన, కింద నా భుజం. పాదం మాట్‌కి అంటుకుని ఉండగా ఒళ్లు తిరిగితే మోకాలు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఎలా పడాలో నేర్చుకున్నాను సరే, ఎలా పడతానో ఎంచుకునే అవకాశం అక్కడ ఉండదు. నేల మీద పట్లు ఇష్టమైతే బ్రెజిలియన్ జుజుట్సు కొంత నయం, అక్కడ 61 దాటిన వాళ్ల దాకా విభాగాలు ఉన్నాయి, చెయ్యి తట్టి ఓటమి ఒప్పుకోవచ్చు. మాట్ ఉన్న చోటు, ఓపిక ఉన్న మాస్టర్ దొరకాలి.

కానో దగ్గర నేరుగా నేర్చుకున్న కెయ్‌కో ఫుకుడాకి అమెరికా జూడో సంఘం పదో డాన్, అంటే బ్లాక్ బెల్ట్‌లో అన్నిటికన్నా పై మెట్టు, ఇచ్చింది 2011లో, ఆమెకి 98వ ఏట. దశాబ్దాల పాటు ఆమె నేర్పుతూ వచ్చింది కూడా ఎక్కువగా కటానే. జూడోలోనూ కటాలు ఉన్నాయని చాలామందికి తెలియదు.

చివరికి కర్రసాము. చంద్రగిరి అవతల ఒక పల్లెలో డెబ్భై దాటిన పెద్దాయన దగ్గర ఆదివారాలు నేర్చుకుంటున్నాను. ఒకప్పుడు జాతర్లలో కర్ర తిప్పిన మనిషి. నిలబెడితే కనుబొమల దాకా వచ్చే వెదురు కర్ర, మట్టి నేల, అంతే సామాను. మొదటి నెల నేను బలంగా తిప్పబోయి చెవి మీద రెండుసార్లు, చీలమండ మీద లెక్కలేనన్ని సార్లు కొట్టుకున్నాను. పెద్దాయన తువ్వాలు దులుపుకుంటూ అన్నాడు, "కర్రని నువ్వు తిప్పొద్దు నాయనా. దాన్ని తిరగనీ. నువ్వు అడ్డం లేకుండా ఉండు, చాలు." కరాటేలో భుజాలు బిగించి పంచ్ కొట్టే అలవాటు ఉన్నవాడికి అది ఎంత కష్టమో!

సరిహద్దు దాటితే ఇదే కుటుంబానికి చెందిన శిలంబం. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో దాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. అవన్నీ కుర్రాళ్ల కోసం. మన వయసుకి కర్రసాములో పోటీ కన్నా ఊరేగింపే గతి, నాకైతే దాంట్లో లోటేమీ కనబడలేదు. కేరళ వడకర మీనాక్షి అమ్మకి అక్కడి పాత యుద్ధవిద్య కలరిపయట్టులో 2017లో పద్మశ్రీ వచ్చింది డెబ్భై దాటాకే. కర్రా కత్తీ పట్టుకుని ఆమె నిలబడిన తీరు చూసినవాళ్లకి వయసు గురించి నేను చెప్పాల్సింది ఏమీ ఉండదు.

మెల్లటి కదలికలతో చేసే చైనా విద్య తాయ్ చీ గురించి కూడా అడుగుతారు. 1956లో చైనాలో జనం కోసం కుదించిన 24 భంగిమల వరస ప్రసిద్ధం. వృద్ధులు కింద పడటం దానివల్ల తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. నాకు మాత్రం అంత నెమ్మది పట్టుబడలేదు.

లెక్కల మాస్టర్ని కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏది చేసిన తర్వాత ఎన్ని రోజులకి కాలేజీ మెట్లు మామూలుగా ఎక్కగలుగుతున్నాను అని రాసుకుంటాను. గట్టి కుమితే చేస్తే నాలుగు రోజులు. జూడో త్రోలు వేయించుకుంటే మూడు. కటా అయితే ఒకటి. కర్ర తిప్పితే ఆ సాయంత్రానికే. వారానికి మూడు క్లాసులు కావాలనుకునే మనిషికి నాలుగు రోజుల కుమితే లెక్క కుదరదు. అందుకే నా మటుకు పోటీకి కటా, ఒంటికి కర్ర, ప్రాణానికి ఉకెమి, సరదాకి నెలకోసారి మెత్తటి కుమితే.

మా ఫిజిక్స్ లెక్చరర్ లెక్క వేరు. షుగర్ ఉన్న మనిషి కదా, ముందు గుండెకి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించమన్నాను. ఆ తర్వాత పాదాలు చూపించమన్నాను. కరాటే, జూడో రెండూ వట్టి కాళ్లతో చేసేవి. పాదంలో స్పర్శ తగ్గి ఉంటే, గచ్చు మీద గీరుకున్నది రాత్రి దాకా తెలియదు, పుండు మానదు. పరీక్షలో ఆయనకి వేళ్ల దగ్గర కొంచెం మొద్దుబారిందని తేలింది. అప్పటికి నా నోట్‌బుక్కూ, ఒలింపిక్స్ కబుర్లూ అన్నీ పక్కకి పోయాయి. కర్రసాము బూట్లు వేసుకుని కూడా చేయొచ్చు. పైగా షుగర్ ఉన్నవాళ్లకి భుజం పట్టేయడం ఎక్కువ, ఇంకా పట్టేయని భుజానికి కర్ర తిప్పడం మంచి కదలిక. పట్టేసిన తర్వాత అయితే ముందు ఫిజియోథెరపీనే.

మా కాలేజీలోనే కెమిస్ట్రీ మేడమ్ కూడా వింటూ ఉండి, "మరి నాకేది సార్?" అన్నారు. ఆమెకి 48. ఆ వయసు ఆడవాళ్లకి ఎముకల బలం తగ్గడం మొదలవుతుంది కాబట్టి నిలబడి, అడుగులు వేసి, కాళ్ల మీద బరువు పడే సాధన కావాలి. కటా సరిగ్గా అలాంటిది. ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకోకుండా త్రోల జోలికి మాత్రం పోవద్దని చెప్పాను. ఆమె కటాలో చేరారు. ఇప్పుడు మాకన్నా క్రమం తప్పకుండా వెళ్తున్నది ఆమే.

ఫిజిక్స్ సార్ ఆదివారం పొద్దున ఐదున్నరకే కాన్వాస్ బూట్లతో నా స్కూటర్ ఎక్కుతున్నాడు. మూడు వారాలైంది. పోయిన శుక్రవారం స్టాఫ్ రూమ్‌లో మీటర్ స్కేలుతో ఒక చుట్టు చూపించబోయి ప్రిన్సిపాల్ గారి కళ్లజోడు టేబుల్ మీంచి ఎగరగొట్టాడు. "తిప్పొద్దన్నాడు కదప్పా, తిరగనిచ్చినా" అన్నాడు కిందికి వంగి వెతుక్కుంటూ. మెడల్ సంగతి మళ్లీ ఎత్తలేదు.