బేస్ వాయించే చేతికి అకౌస్టిక్ గిటార్: బి తీగతోనే పేచీ

ఈ గిటార్ మీద నాకున్న కోపమంతా ఒక్క తీగ మీదే. సన్న తీగల్లో రెండోది, బి. కొని కొన్నేళ్లయింది, దాదాపు రోజూ చేతిలో ఉంటుంది. అయినా ఆ తీగ దగ్గరికి వచ్చేసరికి వేలు ఇప్పటికీ ఒక్క క్షణం తడబడుతుంది.

బేస్ గిటార్ వాయించేవాళ్లకు ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. మన నాలుగు తీగలు ఇ, ఎ, డి, జి. గిటార్‌లో లావు తీగలు నాలుగూ అవే, కాకపోతే ఒక స్థాయి పైన. ఏ తీగ నుంచి పక్క తీగకు పోయినా ఐదు ఫ్రెట్ల తేడా (ఫ్రెట్లంటే మెడ మీది లోహపు గీతలు, ఒక్కోదానికి అర స్వరం). పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చిలో ఏళ్లుగా వాయించిన చేతికి ఆ లెక్క ఆలోచించే పని లేదు: రెండు తీగలు దాటి రెండు ఫ్రెట్లు ముందుకు పోతే పై షడ్జం పలకాల్సిందే. గిటార్‌లో జి నుంచి బి కి మాత్రం నాలుగే ఫ్రెట్ల తేడా. డి తీగ మీద 'స' పట్టి, పాత అలవాటుతో బి మీద వేలు వేస్తే పై 'స' రాదు, దానికి అర స్వరం కింద నిషాదం వస్తుంది. అక్కడ రెండు కాదు, మూడు ఫ్రెట్లు జరగాలి. బుర్రకు తెలుసు, చెయ్యే వినదు.

అసలు కొన్నది క్యారల్స్ కోసం. డిసెంబర్‌లో కాజీపేట, ఫాతిమానగర్ వైపు రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగి పాడతాం. శబ్దం పెంచే యాంప్ మోసుకుని తిరగలేం, యాంప్ లేని బేస్ పక్కవాళ్లకు కూడా వినపడదు. కొన్న కొత్తలో అడిగినవాళ్లందరికీ 'బేస్ వస్తే గిటార్ సగం వచ్చినట్టే' అని చెప్పాను. మన బేస్ 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) ముందు దీని 25 అంగుళాలు చేతికి హాయిగా ఉన్నాయి మరి. ఆ మాట విడి స్వరాల వరకు ఇప్పటికీ నిజమే. కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం, మొదలుపెట్టాక తెలిసింది మిగతాది. మెడ వెడల్పు ఇంచుమించు బేస్‌దే, తీగలు మాత్రం ఆరు. డి కార్డ్ పడితే మూడు వేళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పైగా బేస్‌లో పక్క తీగ మోగకుండా ఎడమచేతి వేళ్లతో ఆపడమే నేర్చుకున్నాం, ఇక్కడ అన్నీ మోగాలి. వేళ్లను విల్లులా వంచి నిలబెట్టడం నాకు నెలల పని అయింది.

సరే, బి సంగతి. ఆరు తీగల బేస్‌ను చివరిదాకా ఐదు ఫ్రెట్ల తేడాతోనే కడతారు కదా, గిటార్‌నూ అలాగే కట్టి చూద్దామని బి ని సి కి, చివరి ఇ ని ఎఫ్ కి పెంచాను. స్వరాలు వాయిస్తుంటే ప్రాణం లేచొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టినా ఒకే కొలత. కొత్తవాళ్లను ఏడిపించే ఎఫ్ కార్డ్ కూడా సులువైపోయింది. లావు తీగలు నాలుగూ పట్టుకుంటే చాలు, సన్నవి రెండూ వదిలేసినా సరిగ్గా కలుస్తాయి.

ఆ శ్రుతితోనే క్యారల్స్ ప్రాక్టీస్‌కు వెళ్లాను. ఎఫ్‌ను షడ్జంగా పెట్టుకుని మొదటి పాట అద్భుతంగా సాగింది. రెండో చరణం అయ్యాక ఒక పెద్దమ్మ, "బిడ్డా, జర కిందికి దించు, గొంతు పైకి పోతలేదు" అంది. అర స్వరం దించితే ఇ. బేస్ మీదైతే వేలు ఒక ఫ్రెట్ వెనక్కి జరిపితే అయిపోయేది. ఇక్కడ లావు తీగలు నాలుగూ దిగాయి, వదిలేసిన రెండు తీగలు ఎక్కడికి దిగుతాయి? కింద ఇ, పైన ఎఫ్ ఒకేసారి మోగాయి. చెవులు జివ్వుమన్నాయి.

అక్కడే కూర్చుని ఆ రెండు తీగలను వాటి మామూలు శ్రుతికి దించి, ఇ కార్డ్ పట్టి నిండుగా ఒక్కసారి మీటాను. కింది నుంచి వరుసగా స, ప, స, గ, ప, స. మూడంటే మూడు వేళ్లు, మిగతా మూడూ వట్టి తీగలు. చిన్న గది నిండిపోయింది. అందులో పై 'ప' పలికింది నేను తిట్టుకున్న బి తీగే. నా బేస్ మీద అన్నేళ్లూ ఒక్కో స్వరం చొప్పున వేసిన కింది మెట్టు మీద పాట ఎలా నిలబడుతుందో అప్పుడు విన్నాను. పెద్దమ్మ పాట అందుకుంది, గొంతు ఎక్కడా ఆగలేదు. మళ్లీ ఎఫ్ కావాలంటే ఒకటో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగిస్తే చాలు.

అలాగని బి తీగతో పూర్తిగా రాజీ కుదిరిందనలేను. కార్డ్స్‌కు అది కావాలి, స్వరాలకు ఇంకా అడ్డమే. మరొకటి: మే నెలలో మన వరంగల్ ఎండలకు చెక్క ఆరిపోయి, తీగలు ఫ్రెట్లకు తగిలి బరబరమంటాయి. వానలు పడితే సర్దుకుంటుంది. నాది స్లాబు కింద పై అంతస్తు గది కాబట్టి కూడా కావచ్చు. 12 సైజు తీగలు తీసి ఇంకాస్త సన్నవి, 11 వేయించాక వేళ్ల నొప్పి తగ్గింది, గిటార్ మోగే జోరు కూడా కాస్త తగ్గింది.

పాడేవాళ్ల పక్కన కూర్చుని, కరెంటు లేకుండా వాయించాలనుకునే బేస్ వాళ్లు ధైర్యంగా కొనొచ్చు. పాటలను స్వరాలుగా వాయించాలనే కోరికే ఉంటే మాత్రం ముందు ఎవరి దగ్గరైనా తీసుకుని కొన్నాళ్లు చూడండి. మా గుంపులో కీబోర్డ్ ఆయన వచ్చిన రోజు నేను ఇప్పటికీ బేసే పట్టుకుంటాను, ఆయన రాకపోతే ఇదే.