సెల్లారులో నిలిచే కారుకు బ్యాటరీ ఛార్జరు: మూడేళ్ల వాడకం

నేను ఆఫీసుకు మెట్రోలో వెళ్తాను. కారు వారంలో ఐదు రోజులు అపార్ట్‌మెంట్ సెల్లారులోనే ఉంటుంది, ఒక్కోసారి నెలంతా. 2022 వేసవిలో ఊరి నుంచి తిరిగి వచ్చి బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డు దీపాలన్నీ మినుకుమన్నాయి, లోపల టకటకమని రిలే చప్పుడు, అంతే. జంప్ స్టార్ట్ చేసిన మెకానిక్ ఒక మాట అన్నాడు: "ఈ కాలం కార్లు నిద్రలో కూడా కరెంటు తాగుతాయి సార్."

ఎంత తాగుతుందో మీటరు పెట్టించి చూశాను. తాళం వేసిన కొత్తలో ఆంపియర్లలో ఉంది. అరగంట తర్వాత కారులోని కంప్యూటర్లన్నీ పడుకున్నాక 30 మిల్లీ ఆంపియర్లకు దిగింది. చూడడానికి చిన్న అంకె. నెలకు లెక్క కడితే సుమారు 21 ఆంపియర్ అవర్లు, అంటే నా 70 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో దాదాపు మూడో వంతు.

అందుకే బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే 5 ఆంపియర్ల మెయింటెనెన్స్ ఛార్జరు కొన్నాను. మాది స్టార్ట్-స్టాప్ కారు, అంటే సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తానే ఆగి, మళ్లీ స్టార్టయ్యే రకం. బ్యాటరీ ఏజీఎం రకం, అంటే లోపలి యాసిడ్‌ను గాజు పీచు పొరలు పీల్చుకుని ఉంచేది. ఆ రకానికని ఉన్న ఏజీఎం మోడ్‌లో ఛార్జరు 14.7 వోల్టుల దాకా ఎక్కించి, నిండాక 13.6కు దిగి అక్కడే కాపలా కాస్తుంది. మూడేళ్లలో మళ్లీ ఒక్కసారి కూడా కారు మొండికేయలేదు. కరెంటు ఖర్చు పైకి కనిపించేంత లేదు. సెల్లారులో ప్లగ్గు పాయింటు ఇవ్వడానికి అసోసియేషన్ పెట్టించిన మూడు మీటింగులే అసలు ఖర్చు.

నల్ల క్లిప్పు విషయంలో మాత్రం మొదటి ఏడాదంతా తప్పు చేశాను. ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు అని చిన్నప్పటి నుంచి తెలిసిందే కదా, నేరుగా బ్యాటరీ మైనస్ బొడిపెకే తగిలించేవాణ్ణి. రాత్రంతా ఛార్జింగ్ అయినా మర్నాడు సిగ్నల్ దగ్గర స్టార్ట్-స్టాప్ పని చేసేది కాదు. ఛార్జరే పాడైందని దాన్ని తిట్టుకున్నాను. కారణం వేరే ఉంది. మైనస్ బొడిపె మీద అగ్గిపెట్టెంత సెన్సారు కూర్చుని ఉంటుంది, లోపలికి వచ్చే కరెంటును, బయటికి పోయేదాన్ని అది లెక్క కడుతుంది. నేను దాన్ని దాటించి నింపుతున్నాను కాబట్టి కారు దృష్టిలో బ్యాటరీ ఇంకా సగం ఖాళీయే! నల్ల క్లిప్పును బాడీ ఎర్త్ బోల్టుకు (కారు లోహపు బాడీకి బిగించి ఉండే బోల్టు) మార్చాక ఆ పేచీ పోయింది. కారు మాన్యువల్‌లో ఈ సంగతి బొమ్మతో సహా ఉంది. నేనే చదవలేదు.

రెండో ఏడాది క్లిప్పులు మానేసి, క్లిప్పులకు బదులు రింగులు, మధ్యలో ఫ్యూజు ఉన్న తీగను శాశ్వతంగా బిగించి, దాని రెండో కొసను ముందు గ్రిల్లు దాకా తెచ్చుకున్నాను. ఇప్పుడు బానెట్ ఎత్తే పని లేదు. ఎత్తితే పడుకున్న కారు మళ్లీ లేచి కూర్చుంటుంది. పెట్టేటప్పుడు ముందు కారు వైపు కనెక్టరు, తర్వాతే గోడ ప్లగ్గు. తీసేటప్పుడు ముందు గోడ ప్లగ్గు.

నచ్చనివీ ఉన్నాయి. కరెంటు పోయి వస్తే ఈ ఛార్జరు ఏజీఎం మోడ్ మరిచిపోయి మామూలు మోడ్‌లోకి వెళ్తుంది, మళ్లీ కిందికి దిగి నొక్కాలి. హైదరాబాదు వేసవిలో ఇది చిన్న విషయం కాదు. తీగ కూడా పొట్టి. దానికి తోడు సెల్లారు ఎలుకలు ఒకసారి తీగ పైపొర కొరికేశాయి. ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడిగాక వాటి చూపు పక్క కారు మీద పడింది.

ఒక ఆదివారం తీగ తీయకుండానే కారు కదిలించాను. అదృష్టం, కనెక్టరు ఊడి వచ్చింది గానీ ఏమీ తెగలేదు. అప్పటి నుంచి ఛార్జింగ్ పెట్టే ముందు స్టీరింగ్‌కు ఎర్ర రిబ్బను కడుతున్నాను. మా అమ్మాయి "కారుకు జడ వేశావా నాన్నా?" అని అడుగుతుంది.