పుట్టకముందు చూసినంత శ్రద్ధగా పుట్టాక చూడలేదు

మా పాప ఊపిరితిత్తిలో ఏదో తేడా ఉందని 20వ వారంలో శిశువు అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్‌లో బయటపడినప్పటి నుంచి పాపకు అయిదో నెల వచ్చేదాకా మేము ఒకే ఆసుపత్రికి వెళ్లాము. అయినా అక్కడి స్కాన్ విభాగానికీ పిల్లల విభాగానికీ ఒకే మార్కు వేయడం నాకు సాధ్యం కావడం లేదు.

స్కాన్ చేసిన వైద్యురాలు ఎడమ ఊపిరితిత్తి కింది భాగం మిగతా దానికన్నా తెల్లగా ఉందని, గుండె కాస్త కుడివైపు జరిగిందని తెరమీద చూపించారు కానీ తొందరపడి జబ్బుకు పేరు పెట్టలేదు. ఛాతీనీ పొట్టనీ వేరుచేసే ఉదరవితానంలో రంధ్రమేమైనా ఉండి పేగులు పైకి వచ్చాయేమోనని ముందు చూసి, అది కాదని తేలాక, రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెట్టి ఆ భాగానికి రక్తం ఎక్కడి నుంచి వస్తోందో వెతికారు. ఊపిరితిత్తి ధమని నుంచే వస్తుంటే సీపామ్, అంటే తిత్తులతో కూడిన పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తి లోపం కావచ్చని, గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే బృహద్ధమని నుంచి విడిగా ఒక నాళం వస్తుంటే సీక్వెస్ట్రేషన్, అంటే మిగతా ఊపిరితిత్తి నుంచి విడిపోయిన ముక్క అని, రెండూ కలిసి ఉండే పిల్లలూ ఉంటారని బొమ్మ గీసి చెప్పారు. మాకు ఆ నాళం కనిపించలేదు. తిత్తులన్నీ 5 మిల్లీమీటర్ల లోపువే.

ఆ తరువాత ప్రతి రిపోర్టులోనూ సీవీఆర్ అనే సంఖ్య రాసేవారు. ఆ తెల్లటి గడ్డ పొడవు, ఎత్తు, వెడల్పులను ఒకదానితో ఒకటి గుణించి, దాన్ని 0.52తో గుణించి, శిశువు తల చుట్టుకొలతతో భాగిస్తే అది వస్తుంది. 1.6 దాటితే శిశువు ఒంట్లో నీరు చేరే ప్రమాదం ఎక్కువ. మాది 0.8 దగ్గరే ఆగింది. 32వ వారంలో గడ్డ కనిపించకపోయేసరికి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాము. చుట్టూ ఉన్న ఊపిరితిత్తి కూడా తెల్లబడటం వల్ల హద్దు చెరిగిపోతుందని, అంతమాత్రాన లోపం పోయినట్టు కాదని, పుట్టాక సీటీ స్కాన్ తప్పనిసరి అని ఆ వైద్యురాలు రిపోర్టులోనే రాసి ఇచ్చారు.

ఆ కాగితం పిల్లల విభాగానికి చేరనే లేదు. తల్లి ఫైలు వేరు, బిడ్డ నంబరు వేరు. పాప హాయిగా ఊపిరి తీసుకుంటోంది, ఎక్స్‌రే బాగుంది, కనుక మళ్లీ రానక్కరలేదని డిశ్చార్జి పత్రంలో రాశారు. ఇలాంటి పిల్లల్లో ఎక్స్‌రే మామూలుగా కనిపించినా లోపల లోపం ఉండవచ్చన్న సంగతి ఆ విభాగం వారికి మేము గుర్తుచేయవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నాలుగో నెలలో మేమే పట్టుబట్టి రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా మందు ఎక్కించి తీసే కాంట్రాస్టు సీటీ చేయించాము. పాపకు పాలు పట్టించి, గుడ్డలో చుట్టి, మత్తు ఇవ్వకుండానే కొన్ని క్షణాల్లో ముగించారు. తిత్తులు అక్కడే ఉన్నాయి. వాటితోపాటు బృహద్ధమని నుంచి వచ్చే సన్నని నాళం కూడా బయటపడింది. డాప్లర్‌కు అందనందుకు నేను మార్కులు తగ్గించను, అంత సన్ననిది తప్పిపోవచ్చు. కానీ ఆపరేషన్‌కు దిగే సర్జన్‌కు ఆ నాళం సంగతి ముందుగా తెలిసి తీరాలి. లక్షణాలు లేని బిడ్డకు ఆపరేషన్ చేయాలా, కనిపెట్టుకుని ఉండాలా అన్న దానిపై వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదని, ఇన్‌ఫెక్షన్ల భయంతోపాటు అరుదైన ఒక క్యాన్సర్ కూడా సీటీలో ఇలాగే కనిపించగలదని సర్జన్ దాచకుండా చెప్పారు.

స్కాన్ విభాగానికి అయిదుకు అయిదు. పిల్లల విభాగానికి రెండు. అందులో ఒకటి సీటీ గదిలో పాపను నిద్రపుచ్చిన నర్సుది.