డార్క్‌టేబుల్, గింప్: ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఫొటో ఎడిటింగ్‌కి ఉచిత సాఫ్ట్‌వేర్ అనగానే చాలామంది అడిగేది, డబ్బు కట్టి వాడేవాటికి ఇది సాటి వస్తుందా అని. నేను ఏళ్లుగా రా ఫైళ్లన్నీ (సెన్సార్ పట్టుకున్నది పట్టుకున్నట్టు కెమెరా దాచే ఫైళ్లు) డార్క్‌టేబుల్‌లో చేస్తున్నాను, ఆ తర్వాత మిగిలే టచప్ పని గింప్‌లో. కొన్ని విషయాల్లో సాటి వస్తుంది, కొన్నిట్లో రాదు, అవి కింద చెబుతాను. కానీ నేను దీన్ని వదలకపోవడానికి కారణం డబ్బు మిగలడం కాదు, ఎప్పుడో చేసిన ఎడిట్లు కూడా ఇవాళ్టికీ నా చేతిలో ఉండటం.

డార్క్‌టేబుల్ మీ రా ఫైల్‌ని అసలు ముట్టుకోదు. మీరు చేసే ప్రతి మార్పునీ ఆ ఫొటో పక్కనే అదే పేరుతో ఒక చిన్న ఎక్స్ఎంపీ ఫైల్‌లో రాసి పెడుతుంది. ఫోల్డర్‌ని ఇంకో డిస్కుకి కాపీ చేస్తే ఎడిట్లు కూడా దాంతోపాటే వెళ్తాయి, ఎక్కడా లాగిన్ అవ్వక్కర్లేదు. నాకు ఇంకా బాగా నచ్చిన సంగతి, కొత్త వెర్షన్లలో ఏదైనా మాడ్యూల్‌ని (ఒక్కో రకం మార్పు చేసే విభాగం) పక్కన పెట్టేసినా దాన్ని పూర్తిగా తీసి పారేయరు. కొత్త ఫొటోలకి అది జాబితాలో కనిపించదు గానీ, దానితో చేసిన పాత ఫొటో తెరిస్తే మాత్రం ఎప్పటిలాగే పని చేస్తుంది. ఒక్క జాగ్రత్త: కొత్త వెర్షన్‌ని ఒకసారి తెరిచారంటే దాని డేటాబేస్ (మీ ఫొటోల, ఎడిట్ల పట్టిక) కొత్త పద్ధతికి మారిపోతుంది, మళ్లీ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, అందుకని అప్‌డేట్‌కి ముందు ఆ డేటాబేస్ ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌ని ఒక కాపీ తీసి పెట్టుకోండి.

మొదటిసారి తెరిచినవాళ్లు ఎక్కువమంది వెనక్కి పోయేది రా ఫొటో చప్పగా కనిపించడం వల్ల. కెమెరా ఇచ్చే జేపెగ్‌లో కాంట్రాస్ట్, రంగు, షార్ప్‌నెస్ అన్నీ కెమెరాయే ముందుగా వేసేసి ఉంటుంది, రా ఫైల్‌లో ఆ పని మీకు వదిలేస్తుంది, తేడా అంతే. పైగా పక్కన మాడ్యూళ్లు డజన్ల కొద్దీ కనిపిస్తాయి, ఒకే పనికి మూడు నాలుగు దారులుంటాయి, దాంతో టెన్షన్ రావడం సహజమే. నేను చెప్పేదల్లా మొదట్లో మూడింటితోనే సాగండి అని. ఎక్స్‌పోజర్‌తో ఫొటోలో ముఖ్యమైనది, అంటే మనిషి ముఖమో ఇంకోటో, సరైన వెలుగులోకి తెచ్చుకోండి, ఆకాశం తెల్లబడిపోతోందని అప్పుడే కంగారు పడకండి. సెన్సార్ పట్టుకున్న వెలుగు ఆ దశలో పోదు, తర్వాత వచ్చే సిగ్మాయిడ్ దాన్ని స్క్రీన్‌కి సరిపడేలా కిందికి దించుతుంది (ఫొటో తీసినప్పుడే కెమెరాలో పూర్తిగా తెల్లబడిపోయిన భాగాల సంగతి వేరు). మూడోది కలర్ కాలిబ్రేషన్, వైట్ బ్యాలెన్స్ కోసం, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేయడానికి. నా ఫొటోల్లో చాలావరకు ఇక్కడే అయిపోతాయి.

ఇక టోన్ ఈక్వలైజర్. నన్నడిగితే ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలనిపించడానికి ఇదొక్కటి చాలు. కర్సర్‌ని ఫొటోలో చీకటిగా ఉన్న చోట పెట్టి మౌస్ వీల్ తిప్పితే, ఆ వెలుగు స్థాయిలో ఉన్న భాగాలన్నీ వెలుగెక్కుతాయి, మిగతావి కదలవు, అంచుల దగ్గర తెల్లటి చారలు రావడం కూడా చాలా తక్కువ. అయితే దీన్ని వాడి "ఏమీ మారట్లేదే" అనేవాళ్లని చాలామందిని చూశాను. కారణం దాదాపు ప్రతిసారీ మాస్కింగ్ ట్యాబే. అక్కడ హిస్టోగ్రామ్ (ఫొటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్) ఒక మూలకి కుక్కుకుపోయి ఉంటే స్లైడర్లకి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మాస్క్ ఎక్స్‌పోజర్, మాస్క్ కాంట్రాస్ట్ స్లైడర్ల పక్కనున్న మంత్రదండం గుర్తుల మీద నొక్కితే అది ఈ చివర నుంచి ఆ చివరకి పరుచుకుంటుంది, అప్పుడు వీల్ తిప్పి చూడండి.

మార్పుని ఫొటోలో ఒక భాగానికే పరిమితం చేసే మాస్కుల విషయంలోనూ ఇదే లోతు. దాదాపు ఏ మాడ్యూల్‌నైనా మీరు గీసిన గుండ్రానికో, ఒక రంగుకో, ఒక వెలుగు స్థాయికో పరిమితం చేయవచ్చు, రెండు మూడు కలిపి కూడా. వెనక నుంచి ఎండ పడి ముఖం నల్లబడిన ఫొటోలో ముఖం చుట్టూ ఒక దీర్ఘవృత్తం గీసి, చర్మం రంగుకి మాత్రమే వర్తించేలా పెట్టి, ఫెదరింగ్ (మాస్క్ అంచుని ఫొటోలోని అంచులకి తగ్గట్టు సర్దేది) కొంచెం పెంచితే జుట్టు అంచు దగ్గర కూడా శుభ్రంగా వస్తుంది. కాకపోతే అంతా చేత్తోనే. ఒక్క క్లిక్కుతో ఆకాశాన్నో మనిషినో ఎంచుకునే సదుపాయం నేను వాడిన వెర్షన్లలో లేదు, పెళ్లి ఫొటోలు వందల కొద్దీ గబగబా ఇవ్వాల్సిన వాళ్లకి ఇది నిజంగా పెద్ద లోటు. మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, ఆ కార్డుతో లెక్కలు చేయించే ఓపెన్‌సీఎల్ ఆన్ చేసుకోకపోతే, డీనాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు తగ్గించేది) లాంటివి ఓపికని పరీక్షిస్తాయి.

గింప్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే నేను దాన్ని వాడేది తక్కువ పనులకే: ఆకాశంలో కరెంటు తీగలు తీసేయడం, మచ్చలు చెరపడం, లేయర్లు కలపడం, ఫొటో మీద అక్షరాలు. తెలుగు ఒత్తులూ గుణింతాలూ యూనికోడ్ ఫాంట్లతో చక్కగా పడతాయి, అది నాకు పెద్ద ఊరట. 1995లో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్‌లో చాలాకాలం నన్ను బాధపెట్టిన లోటు ఏమిటంటే, ఫిల్టర్ వేస్తే అది లేయర్‌లో కలిసిపోయేది, తర్వాత మార్చుకోవాలంటే అన్‌డూలు చేసుకుంటూ వెనక్కి పోవాల్సిందే. 2025 మార్చిలో వచ్చిన 3.0తో ఆ బాధ తీరింది, ఫిల్టర్ ఇప్పుడు లేయర్ మీద విడిగా ఉంటుంది, ఎప్పుడైనా తెరిచి సరిచేసుకోవచ్చు. పాత వెర్షన్ ప్లగిన్లు (అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములు) మాత్రం చాలావరకు నేరుగా పని చేయవు, మీరు ఏదైనా ఒక ప్లగిన్ మీద ఆధారపడితే కొత్తదానికి తగ్గట్టు మార్చారో లేదో ముందు చూసుకోండి. రెండింటి మధ్య ఫొటో పంపడానికి నేను రంగుల వివరం ఎక్కువ నిలిపే 16 బిట్ టిఫ్ ఫైల్ వాడతాను, జేపెగ్ అయితే ఆకాశం లాంటి నునుపైన చోట్ల పొరలు పొరలుగా గీతలు తేలే ప్రమాదం ఉంది.

కొత్త కెమెరా కొనబోతుంటే మాత్రం, ముందు డార్క్‌టేబుల్ సైట్‌లో కెమెరాల జాబితా చూడండి. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన మోడల్ రా ఫైళ్లు తెరుచుకోవడానికి కొంతకాలం పట్టవచ్చు. ఆ జాబితాలో నాయిస్ ప్రొఫైల్‌కి (ఆ కెమెరా ఫొటోల్లో నాయిస్ ఎంత వస్తుందో కొలిచిన లెక్కలు) వేరే గడి ఉంటుంది, దాన్ని కూడా చూడండి. అది ఖాళీగా ఉంటే ఫైల్ తెరుచుకుంటుంది గానీ, డీనాయిస్ మాడ్యూల్ మీ కెమెరాకి కొలిచిన లెక్కలతో కాకుండా అందరికీ ఒకటే అయిన సాధారణ లెక్కతో పని చేస్తుంది, ఎక్కువ ఐఎస్ఓతో, అంటే తక్కువ వెలుగులో తీసే ఫొటోల్లో స్లైడర్లని మీరే సర్దుకోవాలి.