నేలపట్టులో కళ్ల కన్నా చెవులకే పని

ఉప్పలపాడు చెరువు గుంటూరు పక్కనే కాబట్టి గూడబాతులు (పెలికాన్లు) మాకు కొత్తేం కాదు. కానీ అక్కడ చెరువు ఊళ్లోనే ఉండటంతో బళ్ల హారన్లు, మైకుల మధ్య పక్షి గొంతు సరిగ్గా వినపడదు. అందుకే జనవరి చివర్లో, పండగ జనం లేని ఒక మంగళవారం చూసుకుని సూళ్లూరుపేట దగ్గరున్న నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లాం.

బస సూళ్లూరుపేటలో. చెన్నై లోకల్ రైళ్లు అక్కడిదాకా వస్తాయి, తిండికి ఇబ్బంది లేదు. లాడ్జి గది శుభ్రంగానే ఉంది గానీ పట్టాల పక్కన, రాత్రంతా గూడ్సు బళ్లు, దానికి తోడు కిటికీ కింద జనరేటరు. అక్కడ గది తీసుకుంటే ఏసీ సంగతి తర్వాత, వెనకవైపు గది ఉందేమో ముందు అడగండి. నెల్లూరులో హోటళ్లు ఇంతకన్నా నయమే, కాకపోతే తెల్లారేసరికి చేరాలంటే నాలుగింటికే బయల్దేరాలి. ముందురోజు మాట్లాడుకున్న ఆటో మూడు ఫోన్లు చేస్తే గానీ రాలేదు.

వాచ్ టవర్ ఎక్కేసరికి ఇంకా మసక వెలుతురే. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీంచి ఒకటే గోల. తమాషా ఏంటంటే, అంత పెద్ద గూడబాతు గూటి దగ్గర దాదాపు నోరే మెదపదు, ఆ అరుపులన్నీ పిల్లలవే. మధ్యమధ్యలో టకటకమని చెక్కలు కొట్టినట్టు వినిపించేది ఎర్రకాళ్ల కొంగలు ముక్కులు ఆడించే చప్పుడు, పెద్దయ్యాక వాటికి గొంతు పెగలదు.

ఒక్క గూడు మీదే చెవి పెట్టి కూర్చున్నాను. తల్లో తండ్రో వాలగానే బొంగురు అరుపులు ఒక్కసారిగా లేచాయి, పిల్ల తల దాని ముక్కు కింది సంచిలోకి దూరగానే టక్కున ఆగిపోయాయి. మళ్లీ లేచాయంటే ఇంకో విడత చేప వచ్చిందన్నమాట. పులికాట్ సరస్సు వైపు వేటకెళ్లినవి ఎంతసేపటికోసారి తిరిగొస్తున్నాయో బైనాక్యులర్స్ లేకుండానే లెక్క పెట్టుకోవచ్చు. అక్కడున్న వాచర్‌ని అడిగితే, ‘‘ఈ రోజుల్లో పొద్దున్నే గోల లేకపోతేనే మాకు టెన్షన్ సార్’’ అన్నాడు. ఎనిమిది దాటితే హైవే హోరు కూడా కలుస్తుంది, కాబట్టి వెలుతురు రాకముందే చేరుకోండి, గేటు ఎప్పుడు తీస్తారో ముందురోజే కనుక్కోండి.

మధ్యాహ్నం శ్రీహరికోట రోడ్డులో పులికాట్ చూశాం. రాజహంసలు (ఫ్లెమింగోలు) ఎక్కడో దూరంగా, లోతులేని నీళ్లలో గులాబీ గీతలా ఉన్నాయి. కళ్లకి పండగే, చెవులకి మాత్రం గాలీ బస్సులే. వినడానికే అయితే ఇక్కడికి రానక్కర్లేదు.

ఇంటికొచ్చి ఫోన్‌లో రికార్డు చేసింది వినిపిస్తే అమ్మ వంటింట్లోంచే అడిగింది, ‘‘ఎవరి మేకపిల్లల్రా అవి, పాలు తాగనివ్వలేదా?’’