కర్నూల్లో ఈ న్యూరో ఆసుపత్రి: మా తమ్మునికి జరిగింది

మాది అనంతపురం. తమ్మునికి 24 ఏళ్లు, బెంగళూర్లో జాబు. పండక్కి ఇంటికొచ్చినోడు ఉన్నట్టుండి తల పగిలిపోతాంది అక్కా అని గోడకు ఆనుకోని కూలబడినాడు, మా ఊర్లో ఒక డాక్టరు మైగ్రేన్ అని మాత్రలిచ్చి పంపిచ్చినాడు, మూడోరోజు అన్నం కలుపుతాంటే కుడిచెయ్యి వేళ్లు ముడుచుకోలే, ముద్ద కంచంలోనే ఉండిపాయ. మాట కూడా తడబడింది. ఆ రాత్రే కారు మాట్లాడుకోని కర్నూలొచ్చినాం.

సీటీ స్కాన్‌లో ఏం కనపళ్లే. బీపీ లేదు షుగర్ లేదు, ఈ వయసులో ఇదెందుకొచ్చిందని డాక్టరమ్మ మమ్మల్నందర్నీ బయటికి పంపిచ్చి వాన్నొక్కన్నే కూచోబెట్టి అడిగింది. తిట్టలే, పోలీసు మాటెత్తలే. అర్ధగంటకు చెప్పినాడు, ఆర్నెల్ల నుంచి ఐస్ అంటారే, మెత్, ఆ మత్తుమందు వాడతాండానని. వాడు సరే అన్నాకే మాకు చెప్పింది. ఈ ఒక్కదానికే నేను ఈ రివ్యూ రాస్తాండా.

తర్వాత ఎమ్మారై, యాంజియోగ్రామ్. డాక్టరమ్మ స్క్రీన్ మీద చూపిచ్చింది, మెదడు రక్తనాళం పూసలదండ మాదిరి, ఒకచోట సన్నం ఒకచోట లావు. మెత్, కొకైన్ లాంటివి నాళాల్ని బిగబట్టేస్తాయంట, కొందరికి నాళం గోడే వాస్తాది, అదే వాస్కులైటిస్, రక్తం అందకపోతే స్ట్రోకు, చిట్లితే బ్లీడింగు. ఫిలింలో బిగింపూ వాపూ ఒకేలా ఉంటాయి కానీ ఉత్త బిగింపే అయితే వాపు తగ్గిచ్చే స్టెరాయిడ్ ఇస్తే ఇంకా చెడొచ్చంట, అందుకే నడుములోంచి నీళ్లు తీసి టెస్టు రిపోర్టు వచ్చేదాకా మొదలుపెట్టలే. మందు పెట్టకుండా ఏం చూస్తాండారని ఆరోజు నేనే నర్సు మీద అరిచినా, పాపం ఆమె నాకు నీళ్ల బాటిలిచ్చి కూచోబెట్టింది. వాపేనని తేలినాక రోజుకి 1 గ్రాము చొప్పున 5 రోజులు సెలైన్లో స్టెరాయిడ్ ఎక్కిచ్చినారు, షుగర్ పెరుగుతాదని పూటపూటా చూసినారు.

ఒక స్టార్ తగ్గిచ్చింది ఎందుకంటే, మళ్లీ ముట్టుకుంటే మళ్లీ వస్తాది అని చెప్పినారే గానీ మాన్పిచ్చడానికి ఇక్కడ కౌన్సిలర్ లేరు. ఆ నర్సే 14446 నంబరు రాసిచ్చింది, మత్తు మాన్పిచ్చే ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ.

రెండు నెలలైంది. మాట బాగైంది, చొక్కా గుండీలు వాడే పెట్టుకుంటాండాడు, పైది మాత్రం అమ్మ పెడతాది. చెకప్‌కి పోయేవాళ్లు పొద్దున్నే టోకెన్ తీసుకోండి, పది దాటితే మధ్యాన్నం దాకా కూచోవాల.