బెంజి సర్కిల్ దగ్గరి విదేశీ విద్యా సలహా కేంద్రం: ఒక తండ్రి అనుభవం

మా అమ్మాయి ఎమ్మెస్ చదువుకు జర్మనీ వెళ్లాలని నిశ్చయించుకున్నప్పుడు, విజయవాడ బెంజి సర్కిల్ సమీపంలోని ఒక సలహా కేంద్రాన్ని ఆశ్రయించాం. దరఖాస్తుల విషయంలో వారి పని నిజంగా మెచ్చుకోదగినది. ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నదో తెలిపే మోటివేషన్ లెటర్‌ను మూడుసార్లు తిరగరాయించారు, మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ వారికి ధ్రువీకరించే ఏపీఎస్ ధ్రువపత్రానికి కావలసిన మార్కుల జాబితాలన్నింటినీ ఓపికగా సరిచూశారు.

నిరాశ కలిగించినది ఖర్చుల లెక్క. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు ఉండదని పదేపదే చెప్పిన కౌన్సెలర్, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మన విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలన్న సంగతిని, మేము అక్కడి విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్న తరువాత గాని బయటపెట్టలేదు. వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో, అంటే అక్కడి జీవన ఖర్చులకు ముందే జమచేసే ప్రత్యేక ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపాలన్నారు. అయితే ఆ సొమ్ము నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే చేతికి వస్తుందనీ, కాబట్టి గది అడ్వాన్సుకూ మొదటి నెల సామానుకూ విడిగా డబ్బు ఉంచుకోవాలనీ వివరించలేదు. కౌలు డబ్బునూ బ్యాంకు రుణాన్నీ కలిపి పైసా పైసా లెక్కవేసుకునే మాలాంటి కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. ఆఖరి వారంలో మా బావగారు సర్దబట్టి ప్రయాణం ఆగలేదు.

దరఖాస్తుల వరకు ఈ కేంద్రానికి వెళ్లమనే చెబుతాను. బడ్జెట్ మాత్రం విశ్వవిద్యాలయం వెబ్‌సైటులోని ఫీజుల వివరాలు ఎదుట పెట్టుకొని, యూరో ధర పెరిగే అవకాశానికి కొంత కలుపుకొని, ఇంట్లోనే వేసుకోండి.